రాకెట్టును లేపిన రబ్బరు

పీఎస్ఎల్వీ అయినా, ఎల్వీఎం3 అయినా శ్రీహరికోట నేల విడిచేది ఒక రబ్బరు మండితేనే. ఆ రబ్బరు మన దేశంలోనే పుట్టాలని పట్టుబట్టిన పాలిమర్ శాస్త్రవేత్తల జీవితకాలపు శ్రమ, దానికి తుదిరూపమిచ్చిన నెల్లూరు తీరం... ఈ ఆదివారం ముఖచిత్ర కథనం.

బిట్రగుంటలో చెన్నై వైపు పాసింజరు ఎక్కితే నెల్లూరు, గూడూరు, నాయుడుపేట దాటాక సూళ్ళూరుపేట వస్తుంది. అక్కడ దిగి తూర్పుకు తిరిగితే పులికాట్ సరస్సును చీల్చుకుంటూ వెళ్ళే రోడ్డు శ్రీహరికోట దీవికి చేరుస్తుంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో బిట్రగుంట పేరు చెబితే రైల్వేలో తెలియనివారు ఉండేవారు కాదు. లోకో షెడ్డు, రైల్వే కాలనీ, షిఫ్టు మారేటప్పటి కూతలు, బొగ్గు మసి, ఇవే ఊరి దినచర్య. డీజిల్, కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ సందడి సద్దుమణిగింది. అదే లైను మీద, దక్షిణాన, మరో రకం మంట రగిలింది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి ప్రయోగం జరిగితే ఈ ఊరి మేడల మీద నిలబడి దక్షిణం వైపు చూసేవాళ్ళకు నిప్పుగీత కనిపిస్తుంది.

ఆ గీతను చూసి మురిసిపోని నెల్లూరువాడు ఉండడు. ఉపగ్రహం పేరు పిల్లలు కూడా చెబుతారు. కౌంట్‌డౌన్ అందరికీ కంఠతా వచ్చు. కానీ తొలి రెండు నిమిషాలు అంత బరువునూ పైకి తోసిందేమిటి అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. జవాబు ఒక పాలిమర్. దాని పేరు హైడ్రాక్సిల్ టెర్మినేటెడ్ పాలీబ్యూటాడైన్. శ్రీహరికోటలో పనిచేసేవాళ్ళు హెచ్‌టీపీబీ అంటారు. మన దేశం సొంతంగా తయారుచేసుకున్న గొప్ప పాలిమర్లలో అదొకటి. రాకెట్టుకు దక్కిన పేరులో కొంతైనా ఆ పదార్థానికీ, దాన్ని సాధించినవాళ్ళకూ దక్కాలి.

పాకం గట్టిదైతేనే

ఘన ఇంధనంతో నడిచే రాకెట్టులో మూడు వస్తువులు ముఖ్యం. మొదటిది అమ్మోనియం పర్‌క్లోరేట్. తెల్లటి ఉప్పులాంటి ఈ పదార్థం మంటకు కావలసిన ఆక్సిజన్‌ను ఇస్తుంది. రాకెట్టు గాలి లేనిచోట కూడా మండాలి కనుక ఆక్సిజన్‌ను వెంట మోసుకుపోక తప్పదు. రెండోది అల్యూమినియం పొడి. అది మండితే విపరీతమైన వేడి పుడుతుంది. మూడోది వీటిని పట్టి ఉంచే పాలిమర్. సాధారణంగా ఈ మిశ్రమంలో ఉప్పు సుమారు 68 శాతం, లోహపు పొడి 18 శాతం ఉంటాయి. మిగిలిన 14 శాతంలోనే పాలిమరూ, దాన్ని గట్టిపరిచే రసాయనమూ, ఇతర దినుసులూ సర్దుకోవాలి.

సంక్రాంతికి ఇంట్లో చేసే నువ్వుండను తలచుకుంటే ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. ఉండ నిండా నువ్వులే, పాకం కొంచెమే. అయినా పాకం లేతదైతే ఉండ విడిపోతుంది, ముదిరితే పళ్ళకు తగిలి పగులుతుంది. రాకెట్టు ఇంధనంలోనూ ఆ కొద్దిపాటి పాలిమరే మొత్తం గుణాన్ని నిర్ణయిస్తుంది. పైగా అది ఊరికే పట్టి ఉంచితే సరిపోదు, తానూ ఇంధనమై మండాలి. కలిపేటప్పుడు ద్రవంగా పారాలి, అచ్చులో పోశాక గట్టిపడాలి, గట్టిపడ్డాక సాగే గుణం పోగొట్టుకోకూడదు.

సాగే గుణం ఎందుకంటే, ఇంధన దిమ్మె మధ్యలో పొడవునా ఒక బోలు ఉంటుంది. నిప్పు ఆ బోలు గోడల నుంచి మొదలై బయటివైపు తినుకుంటూ పోతుంది. ఏ క్షణంలో ఎంత ఉపరితలం మండుతోందన్న దాన్ని బట్టి రాకెట్టుకు అందే తోపుడు ఉంటుంది. దిమ్మెలో ఎక్కడైనా పగులు పడితే మండే ఉపరితలం ఒక్కసారిగా పెరుగుతుంది. లోపల ఒత్తిడి హద్దు మీరుతుంది. ఉక్కు కవచం బద్దలవుతుంది. చిన్న గాలిబుడగైనా, కవచం గోడకూ దిమ్మెకూ మధ్య చిన్న ఎడమైనా ప్రమాదమే. ఎండకు వ్యాకోచించినా, చలికి ముడుచుకున్నా, తన బరువుకు తానే కుంగుతున్నా, మంట పుట్టిన క్షణాన ఒత్తిడి విరుచుకుపడినా చీలకుండా నిలబడే రబ్బరు కావాలి. రాకెట్టు భద్రతను రసాయనవేత్త చేతిలో పెట్టేది ఈ అవసరమే.

తుంబాకు వచ్చిన ఇంజనీరు

1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరిన తొలి రాకెట్టు అమెరికా ఇచ్చిన నైకీ-అపాచీ. 1967 నవంబరులో రోహిణి-75 ఎగిరింది. మన దేశంలో తయారైన ఆ చిన్న రాకెట్టులో వాడినది తుపాకీ మందు జాతికి చెందిన కార్డైట్. సెంటార్ రాకెట్టును ఫ్రాన్స్ లైసెన్సుతో తయారుచేశారు. ఇంధనం విషయంలో పరాయి దేశం మీద ఆధారపడితే ఏదో ఒక రోజు తలుపు మూసుకుంటుందని విక్రమ్ సారాభాయి ముందే గ్రహించారు. పెద్ద రాకెట్టు ఇంధనమూ, క్షిపణి ఇంధనమూ ఒకటే. దాన్ని ఏ దేశమూ మరో దేశానికి మనసారా నేర్పదు.

సారాభాయి పిలుపు మీద 1967లో బ్రిటన్ నుంచి తిరిగివచ్చినవారిలో వసంత్ రణఛోడ్ గోవారికర్ ఒకరు. 1933లో మహారాష్ట్రలో పుట్టారు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజనీరింగ్‌లో పరిశోధన చేశారు. ఘన పదార్థానికీ ద్రవానికీ మధ్య వేడి, పదార్థం ఎలా బదిలీ అవుతాయన్నది ఆయన తొలి అధ్యయనం. తర్వాత బ్రిటన్ అణుశక్తి పరిశోధన సంస్థలో పనిచేశారు. అక్కడే స్థిరపడితే సుఖమైన జీవితం. తుంబాలో ఉన్నవి కొబ్బరితోటలు, ఇసుక, ఆఫీసుగా మారిన ఒక చర్చి భవనం, నేర్చుకోవాలన్న తపన ఉన్న కుర్రాళ్ళు.

ఇంధన విభాగాన్ని ఆయన చేతిలో పెట్టారు. ఆయన చేసిన ముఖ్యమైన నిర్ణయం ఒకటి ఈనాటికీ గౌరవించదగింది. ఇంధనాన్ని కేవలం కలిపి పోసే పనిగా చూడలేదు, పాలిమర్ శాస్త్రంగా చూశారు. మోనోమర్ నుంచి మొదలుపెట్టి గొలుసును మనమే కట్టాలి, దాని పొడవును మనమే కొలవాలి, దాని కొసల్లో ఏముందో మనకే తెలియాలి అన్నది ఆ దృష్టి. ఇంజనీర్ల పక్కన సంశ్లేషణ చేసే రసాయనవేత్తలు, విశ్లేషణ చేసేవారు, యంత్రబలం పరీక్షించేవారు ఒకే కప్పు కింద చేరారు. 1979 నుంచి 1985 వరకు విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రానికి ఆయనే డైరెక్టరు. ఉపగ్రహాన్ని మోసిన మన తొలి రాకెట్టు ఎస్ఎల్వీ-3 విజయం ఆ రోజుల్లోదే.

గొలుసు కొసల్లో కిటుకు

1920లో జర్మనీ రసాయనవేత్త హెర్మన్ స్టాడింగర్, రబ్బరు వంటివి చిన్న అణువుల గుంపులు కావనీ, వేల పరమాణువులు వరసగా అతుక్కున్న పొడవాటి గొలుసులనీ ప్రతిపాదించినప్పుడు తోటివారు ఒప్పుకోలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చేనాటికి నైలాన్, కృత్రిమ రబ్బరు ప్రపంచాన్ని మార్చేశాయి. రాకెట్టులోకి రబ్బరును తెచ్చింది అమెరికా. 1940ల తొలి రోజుల్లో అక్కడ తారులో ఆక్సిజనిచ్చే ఉప్పు కలిపి మండించారు. తారు ఎండకు కారేది, చలికి పగిలేది. దాని స్థానంలో పాలీసల్ఫైడ్ రబ్బరు వచ్చింది. ఆ తర్వాత బ్యూటాడైన్ అనే వాయువు నుంచి కట్టిన పాలిమర్లు వచ్చాయి.

మన ఎస్ఎల్వీ-3 మొదటి రెండు దశల్లో వాడినది ఆ కుటుంబంలోని పీబాన్. పాలీబ్యూటాడైన్ గొలుసులో యాక్రిలిక్ ఆమ్లం, యాక్రిలోనైట్రైల్ ముక్కలు అక్కడక్కడ కలిసి ఉంటాయి. పైన ఉన్న రెండు దశలకు హెచ్ఈఎఫ్-20 అనే మిశ్రమాన్ని తయారుచేశారు. 1979 ఆగస్టు 10న తొలి ప్రయోగం విఫలమైంది. లోపం రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఉంది. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. నాలుగు దశల్లోనూ ఘన ఇంధనమే.

అంతకంటే మెరుగైన గొలుసు హెచ్‌టీపీబీ. చిక్కటి, లేత రంగు ద్రవం. దాని సగటు అణుభారం 2,500, 3,000 మధ్య ఉంటుంది. ఈ మాత్రం పొట్టి గొలుసు కావటం వల్లే 86 శాతం ఘనపదార్థం కలిపినా ముద్ద పారుతూ ఉంటుంది. గొలుసు కొసల్లో హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. ఐసోసయనేట్ రసాయనాన్ని కలిపితే ఆ కొసలు ఒకదానితో ఒకటి ముడిపడి వలగా అల్లుకుంటాయి. ద్రవం రబ్బరైపోతుంది. ముడులు తక్కువైతే దిమ్మె మెత్తబడి కుంగుతుంది, ఎక్కువైతే పెళుసవుతుంది. ఎన్ని ముడులు పడాలో గొలుసు కొసల్లోని హైడ్రాక్సిళ్ళ సంఖ్యే చెబుతుంది. అందుకే తయారైన ప్రతి దఫా పాలిమర్‌నూ కొలిచి, దానికి తగ్గట్టు ఐసోసయనేట్ పాళ్ళను నిర్ణయిస్తారు. సున్నాకు దాదాపు 70 డిగ్రీలు దిగువకు పోయినా పాలీబ్యూటాడైన్ గొలుసు కదలిక పోగొట్టుకోదు. అందుకే ఈ రబ్బరుకు చలి భయం తక్కువ.

ప్రయోగశాలలో గాజు కుప్పెలో పాలిమర్ తయారుచేయటం ఒక పని. టన్నులకొద్దీ, ప్రతిసారీ ఒకే గుణంతో తయారుచేయటం మరో పని. విక్రమ్ సారాభాయి కేంద్రం రూపొందించిన హెచ్‌టీపీబీ విధానాన్ని నోసిల్ అనే దేశీయ కంపెనీకి అప్పగించి పరిశ్రమ స్థాయికి తీసుకువెళ్ళారు. అమ్మోనియం పర్‌క్లోరేట్ కోసం కేరళలోని ఆలువాలో ఇస్రో సొంత ప్లాంటు పెట్టుకుంది. ఇంధనాన్ని నింపే కవచాలకు కావలసిన మరేజింగ్ ఉక్కును హైదరాబాదులోని మిధాని కరిగించింది. పీఎస్ఎల్వీ రెండో దశకు కావలసిన ద్రవ ఇంధనాన్ని తణుకులోని ఆంధ్రా షుగర్స్ తయారుచేసింది. ఒక రాకెట్టు వెనుక ఇన్ని ఊళ్ళ రసాయనశాస్త్రం ఉంది.

ఉప్పుగాలిలో తేమతో యుద్ధం

ఇవన్నీ చివరికి చేరేది మన తీరానికి. తూర్పున సముద్రం ఉంది, రాకెట్టు శకలాలు పడినా జనావాసాలు ఉండవు, భూమధ్యరేఖకు మరీ దూరం కాదు అన్న కారణాలతో 1969లో శ్రీహరికోటను ఎంచుకున్నారు. ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాది కుటుంబాలు నేలను వదులుకోవలసి వచ్చింది. దేశం సాధించిన ప్రతి ప్రయోగంలో వాళ్ళ త్యాగం కలిసి ఉందన్న మాట ఎప్పుడూ మరవకూడనిది. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి తొలి రాకెట్టు, చిన్న రోహిణి-125, ఎగిరింది. 2002లో కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు. జిల్లాల పునర్విభజనతో 2022 నుంచి అది తిరుపతి జిల్లాలో ఉన్నా, నెల్లూరు మనసులో మాత్రం నెల్లూరు తీరమే.

ఇక్కడే పెద్ద ఘన ఇంధన ప్లాంటు ఉంది. పాలిమర్ రసాయనం తెలిసినవారికి ఈ మాట వినగానే ఒక సందేహం రావాలి. ఐసోసయనేట్‌కు నీటి తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ఆ వాయువు దిమ్మెలో బుడగలవుతుంది. అమ్మోనియం పర్‌క్లోరేట్ తేమకు ఉండలు కడుతుంది. మన తీరపు గాలిలో ఏడాదంతా తేమే. ఈశాన్య రుతుపవనాల కాలంలో బయట ఆరేసిన బట్ట రెండు రోజులకూ ఆరదు. అలాంటిచోట తేమ పొడ గిట్టని పదార్థాన్ని తయారుచేయటం అంటే ప్రతి గదిలో గాలిని ఆరబెట్టాలి, ప్రతి దినుసులో మిగిలిన తేమను కొలవాలి.

పర్‌క్లోరేట్‌ను రకరకాల పరిమాణాల్లో పొడి చేస్తారు. పెద్ద రేణువుల సందుల్లో చిన్నవి ఇమిడితేనే తక్కువ పాలిమర్‌తో ఎక్కువ ఘనపదార్థం పడుతుంది. మనుషులు దూరంగా కంట్రోలు గదిలో ఉండి నడిపించే నిలువు మిక్సర్లలో అన్నింటినీ కలుపుతారు. గాలిబుడగలు పోయేలా శూన్యంలో అచ్చులోకి పోస్తారు. కవచం లోపలి గోడకు ముందే రబ్బరు పొర వేసి ఉంటుంది. మంట ఉక్కును తాకకుండా ఆ పొర కాపాడుతుంది. దానికీ ఇంధనానికీ మధ్య అతుకుపొర మరొకటి. సుమారు 60 డిగ్రీల వేడిలో రోజుల తరబడి ఉంచితే గొలుసులు అల్లుకుని దిమ్మె గట్టిపడుతుంది. ఆ తర్వాత బోలు కోసం పెట్టిన అచ్చుకడ్డీని నెమ్మదిగా లాగుతారు. చివరికి శక్తిమంతమైన ఎక్స్‌రేలతో దిమ్మె లోపలంతా చూసి, లోపం లేదని తేలాకే పంపుతారు.

ఇదంతా ప్రాణాలతో ముడిపడిన పని. 2004 ఫిబ్రవరిలో ఘన ఇంధన ప్లాంటులో జరిగిన ప్రమాదంలో ఆరుగురు మరణించారు. ప్రయోగం రోజు టీవీలో కనిపించే చప్పట్ల వెనుక, ఏ రోజూ టీవీలో కనిపించని ఇలాంటి గదులు ఉన్నాయి.

తొమ్మిది టన్నుల నుంచి రెండు వందల దాకా

ఎస్ఎల్వీ-3 మొదటి దశలో ఉన్న ఘన ఇంధనం సుమారు 9 టన్నులు. పీఎస్ఎల్వీ కోసం ఒక్కసారిగా 125 టన్నుల మోటారు కావలసి వచ్చింది. పదమూడు రెట్లకు పైగా. 2.8 మీటర్ల వ్యాసం, ఐదు ఖండాలు. ఇంధనమేమో హెచ్‌టీపీబీ. దిమ్మె పెద్దదయ్యేకొద్దీ కొత్త సమస్యలు పుడతాయి. గట్టిపడేటప్పుడు పుట్టే వేడి మధ్యభాగం నుంచి బయటికి రావటానికి ఎక్కువసేపు పడుతుంది. చల్లారేటప్పుడు ముడుచుకుంటే గోడ దగ్గర లాగుడు పెరుగుతుంది. ముద్ద చిక్కబడకముందే పోత పూర్తికావాలి కనుక గడియారంతో పరుగు. 1989లో శ్రీహరికోటలో ఆ మోటారును నేల మీద బిగించి మండించి పరీక్షించారు. 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్ఎల్వీ విఫలమైనా మొదటి దశ తన పని తాను చేసింది. 1994 అక్టోబరు 15న పూర్తి విజయం దక్కింది. ఆ తర్వాత అదే మోటారులో ఇంధనాన్ని 138 టన్నులకు పెంచారు. రెండు నిమిషాలు కూడా పట్టకుండా, సెకనుకు టన్నుకు పైగా మండిపోతుంది.

2008లో చంద్రయాన్-1ను, 2013లో మంగళయాన్‌ను, 2017 ఫిబ్రవరి 15న ఒకేసారి 104 ఉపగ్రహాలను మోసింది ఈ రబ్బరు మోటారే. ఎల్వీఎం3కి ఇరువైపులా ఉండే ఎస్200 మోటార్లలో ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా ఇంధనం ఉంటుంది. 2010 జనవరి 24న దాని తొలి పరీక్ష జరిగినప్పుడు అమెరికా స్పేస్ షటిల్, ఐరోపా ఏరియాన్-5 మోటార్ల తర్వాత ప్రపంచంలో అంత పెద్దది ఇదే. 2023 జులై 14న చంద్రయాన్-3 నేల విడిచింది ఆ జంట మోటార్ల బలంతోనే.

మద్రాసులో తెలుగు గురువు

*తుంబాలో ఇంధన విభాగం ఊపిరి పోసుకోకముందే దక్షిణాదిలో పాలిమర్ రసాయనానికి పాదు వేసినవారిలో రాయలసీమ బిడ్డ ముషి శాంతప్ప ఉన్నారు. మాంచెస్టర్‌లో ఎం.జి. ఎవాన్స్, ఎన్. యూరీలతో కలిసి 1951లో ఆయన ప్రచురించిన పత్రం పాలిమర్ శాస్త్రంలో పేరున్నది. నీటిలో కరిగిన లోహ అయాన్ల జంట మీద కాంతి పడితే ఎలక్ట్రాను చేతులు మారి స్వేచ్ఛా ప్రాతిపదిక పుడుతుందనీ, దానితో వినైల్ మోనోమర్లు గొలుసుకట్టటం మొదలవుతుందనీ అందులో వివరించారు.*

*మద్రాసు విశ్వవిద్యాలయానికి వచ్చాక సీరియం, క్రోమియం, యురేనిల్ అయాన్లతో గొలుసు ఎలా మొదలవుతుంది, ఎంత వేగంతో పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నవాటిని ఒక్కొక్కటిగా లెక్కగట్టారు. సీరియం అయాను సెల్యులోజ్ వంటి సహజ పాలిమర్ల మీదే కొత్త కొమ్మను మొలిపించగలదు. తోళ్ళలోని కొల్లాజెన్‌కు కృత్రిమ పాలిమర్‌ను అంటుకట్టే పరిశోధన మద్రాసులోని కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థలో ఆ దారిలోనే సాగింది. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ నడిపిన సంస్థ అది. తర్వాత దానికి శాంతప్ప కూడా డైరెక్టరయ్యారు. 1967లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి ఆయనను వరించింది. తిరుపతి శ్రీవేంకటేశ్వర, మద్రాసు విశ్వవిద్యాలయాలకు ఉపకులపతిగా పనిచేసి, 2017లో కన్నుమూశారు.*

పుస్తకమై మిగిలిన అనుభవం

గోవారికర్ జీవితంలో రాకెట్టు ఒక అధ్యాయమే. 1986లో ఎన్.వి. విశ్వనాథన్, జయదేవ్ శ్రీధర్‌లతో కలిసి ఆయన రాసిన పాలిమర్ సైన్స్ పాఠ్యపుస్తకం మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో అట్టలు నలిగి కనిపిస్తుంది. పాలిమర్ రసాయనం చదివిన తెలుగు విద్యార్థులకు ఆ పేరు బాగా పరిచయం. తుంబాలో పాలిమర్‌తో బతికిన మనుషులు రాశారు కనుక ఆ పుస్తకంలో గొలుసు పెరుగుదల సూత్రం ఎంత స్పష్టంగా ఉంటుందో, ఆ పదార్థం చేతిలోకి వస్తే ఎలా ప్రవర్తిస్తుందన్నదీ అంతే స్పష్టంగా ఉంటుంది. రహస్యంగా దాచుకోవలసిన ఇంధన రంగంలో ఉండి, దాచనక్కరలేని జ్ఞానాన్నంతా పిల్లలకు పంచిపెట్టటం చిన్న విషయం కాదు.

1986 నుంచి 1991 దాకా ఆయన కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ కార్యదర్శి. ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం జరుపుకోవటం ఆ రోజుల్లోనే మొదలైంది. 16 అంశాల ఆధారంగా రుతుపవన వర్షాన్ని అంచనా వేసే నమూనా 1988లో ఆయన నాయకత్వంలో వచ్చింది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. పుణె విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 2015 జనవరి 2న మరణించారు. అంత విస్తారమైన జీవితంలోనూ మొదటి నుంచి చివరిదాకా సాగిన సూత్రం ఒకటే. అరువు తెచ్చుకున్న వస్తువుతో పని గడుస్తుంది, వస్తువు పుట్టుక తెలిస్తేనే తర్వాతి మెట్టు ఎక్కగలం.

నింగికి చేసింది నేలకూ

అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు వేడికి తట్టుకునేందుకు హైదరాబాదు రక్షణ ప్రయోగశాలల్లో కార్బన్ పీచు మిశ్రమాలు తయారుచేశారు. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోల ఇనుప బిగింపులతో కాళ్ళీడ్చటం అదే నగరంలోని నిమ్స్ ఆసుపత్రిలో అబ్దుల్ కలాం చూశారు. ఆ మిశ్రమ పదార్థంతో చేసిన బిగింపు బరువు సుమారు 300 గ్రాములు. కలాం తన జీవితంలో అత్యంత తృప్తినిచ్చిన పనుల్లో దాన్ని చేర్చుకున్నారు. ఇస్రో అభివృద్ధి చేసిన పాలీయురెథేన్ పరిజ్ఞానం జైపూర్ కాలు తయారీకీ చేరింది.

మన తీరమే చూడండి. బిట్రగుంట ఉన్న బోగోలు మండలంలోనే జువ్వలదిన్నె చేపలరేవు ఉంది. ఒకప్పటి చెక్క తెప్పల స్థానంలో ఇప్పుడు ఫైబర్ పడవలున్నాయి. 2004 సునామీ తర్వాత ఈ పడవలు మరీ విస్తరించాయి. గాజుపీచును పాలియెస్టర్ రెసిన్‌తో కలిపి గట్టిపరిస్తే పడవ. అక్కడా ద్రవం గొలుసులల్లుకుని గట్టిపడే రసాయనమే. వలలు నైలాన్, మోకులు ప్లాస్టిక్, రొయ్యల చెరువు కింద పరిచే షీటూ పాలిమరే. ఈ తీరం బతుకంతా పాలిమర్ మీద నడుస్తోంది. చినిగి సముద్రంలో మిగిలిపోయిన నైలాన్ వలలు చేపలకూ తాబేళ్ళకూ ఉరితాళ్ళవుతున్నాయి. వస్తువును పుట్టించిన శాస్త్రమే దాని ముగింపుకూ బాధ్యత పడాలి.

ఇంకా మిగిలిన పని

రాకెట్టు రబ్బరు కథ కూడా ముగిసిపోలేదు. అమ్మోనియం పర్‌క్లోరేట్ మండితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. తేమ తగిలితే అది ఆమ్లం. క్లోరిన్ లేని ఆక్సిజన్ దాత కోసం, దానితో సర్దుకుపోయే కొత్త పాలిమర్ కోసం ప్రపంచమంతా వెతుకుతోంది. హెచ్‌టీపీబీకి మూలమైన బ్యూటాడైన్ పెట్రోలియం నుంచి వస్తుంది. మన మెట్టపొలాల్లో పండే ఆముదంలో హైడ్రాక్సిల్ సమూహాలు సహజంగానే ఉన్నాయి. ఇస్రో రసాయనవేత్తలు ఆముదం నూనె నుంచి ఇస్రో పాలియాల్ అనే బైండరును తయారుచేసి చిన్న రాకెట్లలో వాడారు. ఆముదం మీద హైదరాబాదులో భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ పనిచేస్తోంది. ఈ రెండు శాస్త్రాలు కలిసి నడవవలసిన దారి ఇంకా చాలా ఉంది.

రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ముందున్నది మన రాష్ట్రం. అందులో నెల్లూరు వాటా పెద్దది. రొయ్య పెంకులో కైటిన్ ఉంటుంది. సెల్యులోజ్ తర్వాత ప్రకృతిలో విస్తారంగా దొరికే పాలిమర్ అది. క్షారంతో శుద్ధి చేస్తే కైటోసాన్ అవుతుంది. రక్తస్రావాన్ని ఆపే కట్లలో, నీటి శుద్ధిలో దానికి విలువ ఉంది. చెత్తగా కుళ్ళిపోతున్న పెంకు కుప్పలో పరిశోధన ఉంది, పరిశ్రమ ఉంది, ఉద్యోగమూ ఉంది.

కావలి జవహర్ భారతి కళాశాల 1951 నుంచి ఈ ప్రాంతపు పిల్లలకు సైన్సు చెబుతోంది. నెల్లూరులో 2008 నుంచి విక్రమసింహపురి విశ్వవిద్యాలయం ఉంది. మా ఇళ్ళల్లో మాత్రం రసాయనశాస్త్రం అంటే ఈఏపీసెట్‌లో మార్కులు తెచ్చిపెట్టే సబ్జెక్టు, ఆ తర్వాత కంప్యూటరు. డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకున్నానని పిల్ల చెబితే "ఏం చేస్తావమ్మా అది చదివి?" అని అడిగే పెద్దలున్నారు. ఆ ప్రశ్నకు జవాబు మన రైలు లైను చివర, మన ఉప్పుగాలిలో, టన్నుల కొద్దీ పోతపోస్తున్నారు.

అందుకే అడగవలసినవి అడుగుదాం. ఈ తీరంలోని ప్రతి డిగ్రీ కళాశాలలో ఒక పాలిమర్ ప్రయోగశాల ఉండాలి. చిక్కదనం కొలిచే పరికరం, లాగి చూసే యంత్రం, ఆరబెట్టే ఓవెన్, వీటికి కోట్లు అక్కర్లేదు. శ్రీహరికోటకు విద్యార్థులను రాకెట్టు చూపించటానికి తీసుకువెళుతున్న పాఠశాలలు, పదార్థం ఎలా తయారవుతుందో చెప్పే శాస్త్రవేత్తను తరగతి గదికి పిలవాలి. రొయ్య పెంకు, ఆముదం గింజ, చినిగిన వల, ఈ మూడూ మన పిల్లల ప్రాజెక్టు పుస్తకాల్లోకి రావాలి. తొమ్మిది టన్నుల నుంచి రెండు వందల టన్నులకు ఎదిగిన ఒక పరిజ్ఞానం ఈ నేల మీదే రుజువైంది. దాన్ని దూరం నుంచి చూసి చప్పట్లు కొట్టినవాళ్ళం మనం. చేసేవాళ్ళు కూడా ఇక్కడి నుంచే రావాలి.